ముందు మదింపు ఫారం తెరవండి: పరిశోధన సంస్థల పాలకమండళ్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాలకమండలి సభ్యులకు నమస్కారాలు.

నేను 22 ఏళ్లుగా ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. అందరూ మిషన్ స్టేట్‌మెంట్ అని పిలిచే ధ్యేయ ప్రకటన ఈ 22 ఏళ్లలో మా సంస్థలో మూడుసార్లు మారింది. ఇప్పుడు నాలుగోసారి మార్చాలని తీర్మానించారు. ఇతర సంస్థల్లోని తోటి పరిశోధకులతో మాట్లాడితే అక్కడా అదే పని నడుస్తోందని తెలిసింది. ఎక్కడ విన్నా కారణం ఒక్కటే చెబుతున్నారు. పరిశోధన ఫలితాలు మందగించాయి, నవకల్పన తగ్గింది, కాబట్టి మన ధ్యేయాన్ని కొత్తగా రాసుకోవాలి. అందుకే ఈ ఉత్తరాన్ని మా మండలి ఒక్కదానికే కాకుండా, ఇదే పనికి కూర్చోబోతున్న పెద్దలందరికీ రాస్తున్నాను.

నా విన్నపం చిన్నది. ధ్యేయ ప్రకటనలో ఒక్క అక్షరం మార్చే ముందు, మీ సంస్థలో పదోన్నతులకు వాడే మదింపు ఫారాన్ని తెప్పించుకుని చదవండి. రేపు ఉదయం ప్రయోగశాలకు వచ్చే మనిషి ఏ పని ఎంచుకోవాలో, ఏ పని వదిలేయాలో నిర్ణయించేది ఆ ఫారమే. ధ్యేయ ప్రకటన దానితో చేయి కలిపితే నిలబడుతుంది. దానితో తలపడితే ప్రతిసారీ ఓడిపోతుంది.

మూడోసారి మార్పు జరిగినప్పుడు ముసాయిదా సంఘంలో నేనూ ఉన్నాను. ఎనిమిది నెలలు పట్టింది. అందులో ఎక్కువ సమయం ‘అగ్రగామి’ అనాలా, ‘అత్యున్నత’ అనాలా అన్న చర్చకే పోయింది. సంఘంలో ఎవరూ సోమరులు కారు, ఎవరికీ చెడు ఉద్దేశాలు లేవు. కానీ ప్రతి విభాగమూ తనదంటూ ఒక మాట చేర్చమని అడిగింది. ఎవరినీ కాదనలేక అన్నీ చేర్చాం. చివరికి ఆ వాక్యంలో మౌలిక పరిశోధన, అనువర్తిత పరిశోధన, నవకల్పన, సమాజ సేవ, నైపుణ్యాభివృద్ధి, సుస్థిరత, అంతర్జాతీయ సహకారం అన్నీ వచ్చి కూర్చున్నాయి. ఆమోదం ఏకగ్రీవంగా జరిగింది. ఆ ఏకగ్రీవాన్నే మేం హెచ్చరికగా తీసుకుని ఉండవలసింది. ఎవరికీ దేన్నీ నిరాకరించని వాక్యానికి అభ్యంతరం చెప్పే అవసరం ఎవరికి ఉంటుంది? ఈ వాక్యం వల్ల రేపటి నుంచి మనం మానేయబోయే పని ఏది అని ఆ రోజు ఎవరో ఒకరు అడగాలి. నేను అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత రెండేళ్లకు మా పక్క ప్రయోగశాలలోని ఒక యువ పరిశోధకురాలి పదోన్నతి ఫైలు సమీక్షకు వచ్చింది. ఆమె మూడేళ్లు కష్టపడి ఒక కొత్త కొలత పద్ధతిని తయారు చేసింది. అంతకుముందు రోజంతా పట్టే కొలత ఆమె పద్ధతిలో గంటకు పూర్తయ్యేది. మా సంస్థలోనే నాలుగు బృందాలు దాన్ని వాడుకోవడం మొదలుపెట్టాయి. బయటివాళ్లు కూడా వచ్చి నేర్చుకుని వెళ్లారు. మా ప్రకటనలో ‘సాహసోపేతమైన నవకల్పన’ అన్న మాట ఉంది. ఆ మాటకు అంత దగ్గరగా వచ్చిన పని ఆ రెండేళ్లలో మా దగ్గర మరొకటి లేదు. కానీ ఫారంలో ఉన్న గడులు వేరు. ప్రచురించిన పత్రాలు ఎన్ని, ఆ జర్నళ్ల ప్రభావ సూచిక (వాటిలోని పత్రాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకిస్తారన్న అంకె) ఎంత, మొదటి రచయితగా ఎన్ని, పేటెంట్లు ఎన్ని, తెచ్చిన నిధులు ఎంత. ఆమె పద్ధతిని రాయడానికి అందులో ఒక్క గడి కూడా లేదు. ఆ మూడేళ్లలో ఆమె ప్రచురించినవి రెండే పత్రాలు. పదోన్నతి రాలేదు. సమీక్షలో కూర్చున్న ఒక పెద్దాయన బాధగానే అన్నారు, ‘పని మంచిదే, మార్కులు ఎక్కడ వేయమంటారు?’ అని. ఆరు నెలలు తిరక్కుండానే ఆమె వెళ్లిపోయింది.

ఆమె దగ్గర పనిచేసిన ఇద్దరు విద్యార్థులు ఆ తర్వాత ఎంచుకున్న అంశాలు నాకు బాగా గుర్తున్నాయి. రెండూ ఏడాదికి రెండేసి పత్రాలు రాగలిగే అంశాలు, ఫలితం ఏమిటో ముందే చెప్పగలిగే అంశాలు. వాళ్లను నేను తప్పు పట్టను. సంస్థ ఏం కోరుకుంటోందో వాళ్లు సరిగ్గానే గ్రహించారు.

ఇది ఒక్క సంస్థ కథ అని మీరు అనవచ్చు. ఈ విషయం మీద ఎన్నో ఏళ్లుగా అధ్యయనాలు జరుగుతున్నాయి. 1987లో జాన్ పియర్స్, ఫ్రెడ్ డేవిడ్ అనే ఇద్దరు అమెరికాలోని పెద్ద కంపెనీల ధ్యేయ ప్రకటనలను పోల్చి చూశారు. ఆర్థికంగా మెరుగ్గా ఉన్న కంపెనీల ప్రకటనలు మరింత సమగ్రంగా ఉన్నాయని తేల్చారు. ఆ ఫలితాన్ని చాలామంది తిరగేసి చదివారు, మంచి ప్రకటన రాస్తే మంచి ఫలితాలు వస్తాయని. కానీ బాగా నడుస్తున్న కంపెనీకే తీరికగా కూర్చుని బాగా రాసుకునే వెసులుబాటు ఉంటుంది కదా. ఏది కారణం, ఏది ఫలితం అన్న ప్రశ్న అక్కడ తేలలేదు. 2011లో డెస్మిట్, ప్రిన్జీ, డెక్రామర్ 20 ఏళ్ల అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. ధ్యేయ ప్రకటనకూ సంస్థ ఆర్థిక ఫలితాలకూ సంబంధం ఉంది, కానీ అది చిన్నదని వాళ్ల లెక్కలో తేలింది.

మరి ఆ చిన్న సంబంధం ఏ దారిన వస్తోంది? నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన జవాబు 2001లో క్రిస్టఫర్ బార్ట్, నిక్ బాంటిస్, సైమన్ టగ్గర్ ప్రచురించిన అధ్యయనంలో ఉంది. కెనడా, అమెరికాలకు చెందిన 83 పెద్ద సంస్థలను వాళ్లు పరిశీలించారు. ప్రకటన ఉందా లేదా అన్నదానికంటే, సంస్థ తన లోపలి నిర్మాణాన్ని, నియమాలను, పద్ధతులను దానికి తగ్గట్టు ఎంతవరకు మార్చుకుంది, ఉద్యోగులు దాన్ని ఎంతవరకు తమదిగా భావించారు అన్నవే ఫలితాలకు దారి అని చూపించారు. అంటే ప్రకటన నేరుగా ఏమీ చేయదు. అది నియమాల్లోకి దిగాలి, అక్కడి నుంచి మనుషుల్లోకి చేరాలి, అప్పుడు పనిలో కనిపిస్తుంది. మా సంస్థలో ఆ దారి మొదటి మెట్టు దగ్గరే తెగిపోయింది.

నవకల్పన గురించి ఇంకొక లెక్క ఉంది. లుయీజి గీజో, పావోలా సపియెంజా, లుయీజి జింగాలెస్ 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికా స్టాక్ మార్కెట్‌లోని ఎస్ అండ్ పీ 500 కంపెనీలు తమ విలువలుగా చాటుకునే మాటలను వాళ్లు లెక్కపెట్టారు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన మాట నవకల్పన. 80 శాతం కంపెనీలు ఆ మాట చెప్పుకున్నాయి. అయితే అలా చాటుకున్న విలువలకూ కంపెనీ ఫలితాలకూ సంబంధం కనిపించలేదు. పైవాళ్లు చెప్పినట్టే నడుచుకుంటారని, వాళ్లను నమ్మవచ్చని ఉద్యోగులు భావించిన చోట మాత్రం ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. అందరూ చెప్పుకునే మాట నేతిబీరకాయలో నెయ్యి లాంటిదే అవుతుంది. మీ కొత్త ముసాయిదాలో ‘నవకల్పన’ అన్న మాట కనిపిస్తే, దయచేసి అక్కడ ఆగి, దేని గురించి, ఎవరి కోసం, ఏ రకంగా అని అడగండి. జవాబు దొరికితే ఆ జవాబునే రాయండి. దొరక్కపోతే ఆ మాట తీసేయండి.

ఇంతవరకు చదివి, ధ్యేయ ప్రకటనలు దండగని నేనంటున్నానని అనుకోకండి. సరిగ్గా రాసిన వాక్యానికి ఎంత బలం ఉంటుందో రెండు ఉదాహరణలు చెబుతాను.

2002లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ధ్యేయ ప్రకటనలో ఒక మాట చేర్చింది. మన సొంత గ్రహాన్ని అర్థం చేసుకోవడం, రక్షించడం అన్నది దాని సారాంశం. ఆకాశం వైపు చూసే సంస్థ భూమి వైపు కూడా చూస్తానని రాతపూర్వకంగా ఒప్పుకుంది. వాతావరణం మీద, మంచు కరుగుదల మీద, సముద్రాల మీద పనిచేసే అక్కడి శాస్త్రవేత్తలు ఆ మాటను ఆసరా చేసుకున్నారు. తమ పని సంస్థ ధ్యేయంలో భాగమని ప్రతిపాదనల్లో చెప్పుకోవడానికి వాళ్లకు అది పనికొచ్చింది. 2006 ఫిబ్రవరిలో ఆ మాట ప్రకటనలోంచి పోయింది. దాని స్థానంలో అంతరిక్ష అన్వేషణ, శాస్త్రీయ ఆవిష్కరణ, విమానయాన పరిశోధనల గురించిన వాక్యం వచ్చింది. చాలామంది శాస్త్రవేత్తలకు ఆ సంగతే తెలియదు. కొన్ని నెలల తర్వాత, జులైలో, పత్రికల్లో వచ్చినప్పుడు తెలిసింది. చంద్రుడి మీదికి, అంగారకుడి మీదికి మనుషులను పంపాలన్న లక్ష్యానికి అనుగుణంగా ఈ మార్పు చేశామని సంస్థ ప్రతినిధి వివరణ ఇచ్చారు. శాస్త్రవేత్తలు మాత్రం తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. అంతమంది పట్టించుకున్నారంటే ఆ మాటకు నిజంగా బరువు ఉందన్నమాట. నిధుల కోసం పోటీ పడే చోట ధ్యేయ ప్రకటనలోని ఒక్క మాట చిన్న పరిశోధకుడి చేతిలో అర్జీ లాంటిది. ‘మీరే రాశారు, చూడండి’ అని చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. ముసాయిదా సంఘంలో ఒక మాటను తీసేసేటప్పుడు, దాన్ని ఆసరా చేసుకుని ఎవరి పని నిలబడి ఉందో విచారించాలి. మా సంఘం ఆ విచారణ చేయలేదు. మీరు చేయండి.

రెండో ఉదాహరణ ఇంకా పాతది, నాకు ఇంకా ఇష్టమైనది. 1907లో అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీకి థియోడర్ వెయిల్ అధ్యక్షుడిగా వచ్చారు. ఒకే విధానం, ఒకే వ్యవస్థ, సార్వత్రిక సేవ అన్న నినాదాన్ని కంపెనీ ధ్యేయంగా నిలబెట్టారు. అందులో పరిశోధన అన్న మాట లేదు, నవకల్పన అన్న మాట అంతకంటే లేదు. కానీ ఒకే వ్యవస్థ అన్నాక, తూర్పు తీరంలో ఉన్నవాళ్లు పడమటి తీరంలో ఉన్నవాళ్లతో మాట్లాడగలగాలి. అప్పట్లో అది సాధ్యం కాదు. తీగ మీద దూరం పెరిగేకొద్దీ గొంతు సన్నగిల్లిపోతుంది. 1911లో న్యూయార్క్ నుంచి డెన్వర్ దాకా లైను వేయడంతోనే ఆనాటి పద్ధతులు హద్దుకు చేరాయి. సన్నగిల్లిన గొంతుకు దారి మధ్యలో మళ్లీ బలం పోసే పరికరం కావాలి. ఆ పరికరం కోసం భౌతిక శాస్త్రం తెలిసినవాళ్లు కావాలి. అలా హెరాల్డ్ ఆర్నాల్డ్ అనే యువ శాస్త్రవేత్త కంపెనీలో చేరారు. లీ డి ఫారెస్ట్ కనిపెట్టిన ఆడియాన్ గొట్టంలోంచి గాలిని మరింతగా తోడేసి, నమ్మకంగా పనిచేసే వాక్యూమ్ ట్యూబుగా దాన్ని తీర్చిదిద్దారు. 1915 జనవరి 25న న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య మాటలు నడిచాయి.

కథ అక్కడితో ఆగలేదు. ట్యూబులు వేడెక్కుతాయి, కొన్నాళ్లకు కాలిపోతాయి. ఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో లైన్లు కలిపే మీటలు, అంటే రిలేలు, నెమ్మదిగా కదులుతాయి. వ్యవస్థ పెద్దదయ్యేకొద్దీ ఈ రెండూ అడ్డుపడతాయి. ఆ కంపెనీ పరిశోధన సంస్థగా 1925లో ఏర్పడిన బెల్ ల్యాబ్స్‌లో మెర్విన్ కెల్లీ ఈ సంగతిని విలియం షాక్లీతో 1930లలోనే చర్చించారు. 1947 డిసెంబరులో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ అక్కడే ఆ రెంటి పనీ చేయగల చిన్న పరికరాన్ని, ట్రాన్సిస్టర్‌ను, పనిచేయించి చూపించారు. షాక్లీ, బార్డీన్, బ్రాటెయిన్ ముగ్గురికీ కలిపి 1956లో నోబెల్ వచ్చింది. ఆ కంపెనీకి గుత్తాధిపత్యం ఉండేది, ఆదాయానికి దిగులు లేదు, అది మరచిపోకూడదు. అయినా డబ్బున్న ప్రతి కంపెనీలోనూ ట్రాన్సిస్టర్ పుట్టలేదు. అక్కడి ధ్యేయం ఎప్పటికప్పుడు కొత్త సమస్యను ముందుకు తెచ్చింది. ఇది సాధ్యమైతేనే మన మాట నిలుస్తుంది అని ఇంజినీరు వేలు పెట్టి చూపించగలిగే సమస్య అది. మీ ప్రకటన చదివిన పరిశోధకుడికి అలాంటి సమస్య ఒక్కటైనా కనిపిస్తుందా?

ఆండ్రూ కార్టన్, చాడ్ మర్ఫీ, జొనాథన్ క్లార్క్ 2014లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇక్కడ గుర్తుచేయాలి. కొన్ని ఆసుపత్రుల సమాచారం మీద, పిల్లల ఆటబొమ్మ నమూనా తయారుచేసే బృందాల మీద వాళ్లు పరిశీలన చేశారు. భవిష్యత్తు కళ్లకు కట్టే బొమ్మ ఒకటి, దానితో పాటు కొద్దిపాటి విలువలు చెప్పిన చోట ఫలితాలు మెరుగ్గా వచ్చాయి. కానీ నాయకులకు ఎక్కువగా ఉండే అలవాటు దీనికి పూర్తిగా ఎదురు. మసక మాటలు, డజను విలువలు. మేం రాసిన వాక్యంలో ఏడు ఉన్నాయి.

మంచి ధ్యేయం ఉండి, దాని కింది లెక్కలు మారకపోతే ఏమవుతుందో జిరాక్స్ అనుభవం చెబుతుంది. 1970లో ఆ కంపెనీ అధిపతి పీటర్ మెకొలో సమాచార నిర్మాణ శాస్త్రానికి తామే నాయకత్వం వహించాలన్న లక్ష్యాన్ని ప్రకటించారు. మాట అందంగానే ఉంది, దూరదృష్టి కూడా ఉంది. అదే ఏడాది పాలో ఆల్టోలో పరిశోధన కేంద్రం తెరిచారు. 1973 నాటికే అక్కడ ఆల్టో అనే వ్యక్తిగత కంప్యూటర్ తయారైంది. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే ఈథర్‌నెట్ అక్కడే మొదలైంది. లేజర్ ప్రింటర్ అక్కడే పూర్తి రూపానికి వచ్చింది. వీటన్నిటిలో జిరాక్స్‌కు పెద్ద ఎత్తున డబ్బు తెచ్చిపెట్టింది లేజర్ ప్రింటర్. కారణం వెతికితే దొరుకుతుంది. కంపెనీ అమ్మకాల యంత్రాంగం, లాభనష్టాల లెక్కలు అన్నీ ఫొటోకాపీ యంత్రాల చుట్టూ కట్టుకున్నవి. కాగితం మీద అచ్చు వేసే యంత్రం ఆ లెక్కల్లో ఇమిడింది. కాగితం అక్కరలేని యంత్రం ఇమడలేదు. వ్యక్తిగత కంప్యూటర్ల మార్కెట్ ఇతర కంపెనీల చేతికి వెళ్లిపోయింది. ఆ పరిశోధకులు తమ వంతు పని ఎంత గొప్పగా చేశారో తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. వాళ్ల సంస్థ మాటలు కోటలు దాటాయి, లెక్కలు మాత్రం గడప దాటలేదు.

మరి లెక్కలు మార్చితే నిజంగా పని మారుతుందా అని మీరు అడగవచ్చు. మారుతుంది. దీనికి నాకు తెలిసిన గట్టి సాక్ష్యం 2011లో పియరీ అజూలే, జాషువా గ్రాఫ్ జివిన్, గుస్తావో మాన్సో ప్రచురించిన అధ్యయనం. అమెరికాలో జీవశాస్త్ర పరిశోధకులకు డబ్బు వచ్చే దారుల్లో రెంటిని వాళ్లు పోల్చారు. ప్రభుత్వ జాతీయ ఆరోగ్య సంస్థల గ్రాంటు ఒక నిర్దిష్ట ప్రాజెక్టుకు, కొద్ది ఏళ్లకు వస్తుంది. ఫలితం లేకపోతే మళ్లీ రావడం కష్టం. హొవార్డ్ హ్యూస్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్ అనే ప్రైవేటు సంస్థ మాత్రం ప్రాజెక్టును చూసి కాకుండా మనిషిని చూసి, ఆ అధ్యయనం నాటికి, ఐదేళ్లకు డబ్బు ఇచ్చేది. మొదట్లో ఎదురయ్యే వైఫల్యాలను ఓపికగా సహించేది. మొదటి నుంచీ దాదాపు సమాన ప్రతిభ చూపిన వాళ్లను రెండు వైపులా తీసుకుని పోల్చారు. హ్యూస్ డబ్బుతో పనిచేసినవాళ్ల నుంచి ఎక్కువమంది ఉటంకించిన గొప్ప పత్రాలు మరిన్ని వచ్చాయి. ఎవరూ పట్టించుకోని పత్రాలు కూడా మరిన్ని వచ్చాయి. వాళ్లు కొత్త దారులు తొక్కారు, కొన్ని చోట్ల కింద పడ్డారు. ఈ రెండో సంగతిని మీరు ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను. సాహసం కావాలని రాసే సంస్థ, పడిపోయినవాళ్లకు ఏం జరుగుతుందో కూడా రాసిపెట్టాలి. మూడేళ్లు పనిచేసి, అనుకున్నది రాలేదని నిజాయితీగా నమోదు చేసిన మనిషికి మీ ఫారంలో ఎన్ని మార్కులు? సున్నా అయితే, సాహసం అన్న మాట రాసే హక్కు మనకు లేదు.

జర్నల్ ప్రభావ సూచికను మనుషుల మదింపుకు వాడవద్దని 2013లో వెలువడిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ప్రపంచవ్యాప్తంగా వేల సంస్థలు, వ్యక్తులు దాని మీద సంతకాలు చేశారు. మీ సంస్థ కూడా చేసి ఉంటే, సంతకం చేసిన తర్వాత ఫారంలో ఆ గడి ఇంకా ఉందేమో చూడండి.

ఇంకొక అభ్యంతరం నిజాయితీగా ఎదుర్కోవాలి. మౌలిక పరిశోధనకు అసలు ధ్యేయం అనేదే సరిపోదని, దాన్ని ఒక వాక్యానికి కట్టేస్తే ఊపిరి ఆడదని నా స్నేహితులు కొందరు అంటారు. వాళ్ల మాటలో సగం నిజముంది. మాక్స్ పెరుట్జ్ 1937లో హిమోగ్లోబిన్ అణువు నిర్మాణం మీద పని మొదలుపెట్టారు. దాని రూపం కంటికి కనిపించడానికి 1959 వచ్చింది. 22 ఏళ్లు. ఏ వార్షిక మదింపు అంతకాలం ఎదురుచూస్తుంది? ఆయన పెంచి పోషించిన కేంబ్రిడ్జిలోని అణు జీవశాస్త్ర ప్రయోగశాల ముఖ్యమైన కష్టమైన సమస్యలను దీర్ఘకాలం పట్టుకుని ఉండటమే తన పనిగా పెట్టుకుంది. అంటే అక్కడా ఒక ధ్యేయం ఉంది. దానికి తగ్గ ఓపికను కూడా ఆ సంస్థ చూపింది. ఇక ఆర్నో పెన్జియాస్, రాబర్ట్ విల్సన్ సంగతి చూడండి. ఉపగ్రహ సంకేతాల కోసం కట్టిన బెల్ ల్యాబ్స్ యాంటెన్నాలో 1964లో వాళ్లకు ఎక్కడి నుంచి వస్తోందో తెలియని సన్నని రొద వినిపించింది. అది విశ్వం పుట్టుక నాటి వికిరణమని తేలింది, 1978లో నోబెల్ వచ్చింది. టెలిఫోన్ సేవకు దానివల్ల ఏ లాభమూ లేదు. అయినా ఆ రొద వెంట పడవద్దని వాళ్లను ఎవరూ ఆపలేదు. ధ్యేయం గట్టిగా ఉన్న చోట కూడా దాని బయట తిరగడానికి కొంత జాగా ఉండాలి. ఆ జాగా దయాదాక్షిణ్యాల మీద కాకుండా రాతలో ఉండాలి. వారంలో ఇంత సమయం, ఏడాదిలో ఇంత డబ్బు అని అంకెల్లో ఉండాలి.

ఒక్క ప్రమాదం గురించి ముందే చెప్పాలి. ఈ ఉత్తరం చదివి, సరే, పత్రాల బదులు పేటెంట్లు లెక్కపెడదాం అని ఎవరైనా అనవచ్చు. దయచేసి ఆ పని చేయకండి. ఏ అంకెను గురిగా పెడితే ఆ అంకె పెరుగుతుంది, దాని వెనుక ఉండవలసిన పని మాత్రం పెరగదు. ఎవరూ వాడని పేటెంట్లు దాఖలు చేయడం, ఒక పత్రాన్ని మూడు ముక్కలు చేసి ప్రచురించడం కంటే కష్టమేమీ కాదు. ఫారంలో గడులు తగ్గించండి. పరిశోధకుడు తన ముఖ్యమైన పని మూడింటి గురించి సొంత మాటల్లో రాయడానికి చోటు ఇవ్వండి. ఆ పనిని ఎవరు వాడుకున్నారో వాళ్లనే అడిగి తెలుసుకునే ఏర్పాటు చేయండి. చదవడానికి సమయం పడుతుంది, నిజమే. ఆ సమయం వెచ్చించడానికి సమీక్ష సంఘం ఒప్పుకోకపోతే, కొత్త ధ్యేయాన్ని ఎవరూ నమ్మరు.

ముసాయిదా రాసేటప్పుడు ప్రకటనను, ఫారాన్ని, గత ఏడాది బడ్జెట్‌ను మూడింటినీ ఒకే బల్ల మీద పెట్టుకోండి. ప్రకటనలోని ప్రతి క్రియను పట్టుకుని, ఇది ఫారంలో ఎక్కడ ఉంది, దీనికి డబ్బు ఎక్కడ ఉంది అని అడగండి. రెండు చోట్లా లేకపోతే అక్కడైనా చేర్చండి, ఇక్కడైనా కొట్టేయండి. ఆ బల్ల దగ్గర డైరెక్టర్లు, విభాగాధిపతులు మాత్రమే ఉంటే సరిపోదు. పరికరాలు బాగుచేసే టెక్నీషియన్, రెండో ఏడాది పరిశోధక విద్యార్థి, తాజాగా పదోన్నతి నిరాకరించబడిన మనిషి కూడా ఉండాలి. వాళ్ల సంతకం కోసం పిలవకండి, వాళ్ల మాట వినడానికి పిలవండి. వాక్యం పూర్తయ్యాక ఐదేళ్లు దాన్ని కదపకండి. ట్యూబు నుంచి ట్రాన్సిస్టర్ దాకా ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

ఈ ఉత్తరం రాయడానికి ముందు మా సంస్థ కార్యాలయానికి వెళ్లి, మదింపు ఫారాన్ని చివరిసారి ఎప్పుడు మార్చారని అడిగాను. నేను ఉద్యోగంలో చేరడానికి ముందు ఏడాది అని చెప్పారు. ధ్యేయం మూడుసార్లు మారిన కాలంలో ఫారం ఒక్కసారి కూడా మారలేదు. దాని ప్రతిని ఈ ఉత్తరంతో పాటు మా పాలకమండలికి పంపుతున్నాను. నాలుగు పేజీలు. కొత్త ముసాయిదా సంఘం వచ్చే నెల మొదటిసారి సమావేశమవుతుందని విన్నాను. ఆ రోజు మొదటి అంశంగా ఈ నాలుగు పేజీలను బిగ్గరగా చదివించండి.

ఆ యువ పరిశోధకురాలు తయారుచేసిన కొలత పద్ధతిని మా నాలుగు బృందాలు ఇప్పటికీ రోజూ వాడుతున్నాయి. ఇవాళ ఉదయం నేను కూడా వాడాను.

ఇట్లు,
మీ సంస్థల్లో ఒకదానిలో పనిచేస్తున్న ఒక సీనియర్ పరిశోధక సభ్యుడు